పసుపు గుడ్డలో కాగితం

కంచరపాలెంలో ఆ వీధికి పేపరు ఆరున్నరకి వచ్చేది. గవర్రాజు వేపపుల్ల నోట్లో ఉంచుకునే దాన్ని అందుకుని, మొదటి పేజీ చూడకుండా షేర్ల ధరలుండే పేజీకి వెళ్ళిపోయేవాడు. వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న తల్లి సన్యాసమ్మ తలెత్తకుండానే అడిగేది.

"మనది ఏటన్నాది రా?"

మబ్బు పట్టిందా అని అడిగినట్టు ఉండేది ఆ అడగడం.

"ముప్పయి నాలుగు."

"నిన్నో?"

"ముప్పయ్యారు."

"రెండు తగ్గింది. తగ్గనీ. అన్నేళ్ళూ ఒకలాగే కాస్తాదేటి."

గవర్రాజు పేపరు మడిచి గూట్లో పడేశాడు. పోయిన ఏడాది ఇదే రోజుల్లో ఆ ధర యాభై ఎనిమిది. పోర్టు ఆఫీసులో టైపిస్టు నుంచి క్రేను డ్రైవరు దాకా అందరూ ఆ కంపెనీ పేరే జపం చేశారు. ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. అమ్ముకున్నవాళ్ళు నవ్వుకుంటున్నారు, అమ్ముకోనివాళ్ళు పేపరు కొనడం మానేశారు.

ఆ షేర్లు గవర్రాజువి కావు, సన్యాసమ్మవి. స్టీల్ ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమెకి ఎకరన్నర జీడితోట పోయింది. భర్త అప్పటికే లేడు. కచేరీలో బల్ల మీద కాగితం పెట్టి వేలు వెయ్యమంటే వేసింది. అప్పుడిచ్చిన డబ్బు గవర్రాజు బి.కాం. చదువుకీ ఇంటి అద్దెలకీ కరిగిపోయింది. పన్నెండేళ్ళ తరవాత, ఎనభై అయిదులో, కోర్టు పెంచిన సొమ్ము నాలుగు వేల చిల్లర ఆమె పేరున వచ్చింది. అదే నెలలో ఎలమంచిలి రోడ్డులో కట్టబోయే జలధి అల్లాయ్స్ అనే కంపెనీ పది రూపాయలకొక షేరు చొప్పున జనానికి అమ్మింది.

"వాటా అంటే భూమి లాంటిదేనమ్మా" అన్నాడు అప్పుడు గవర్రాజు. "ఎకరాల బదులు వాటాలు. కంపెనీ నడిస్తే ఏడాదికోసారి పంట డబ్బు ఇంటికి పంపుతారు."

సన్యాసమ్మ చాలాసేపు ఆలోచించింది. "మళ్ళీ ఎవులైనా వొచ్చి ఖాళీ సెయ్యమంతారా?"

"ఎవరూ అనరు."

"రాసిస్తారా?"

"నీ పేరు మీద కాగితమే ఇస్తారు."

ఆ ఒక్క మాటకి ఆమె ఒప్పుకుంది. దరఖాస్తు మీద వేలిముద్ర వేసింది. నాలుగు వందల షేర్ల కాగితం వచ్చిన రోజు దాన్ని పసుపు గుడ్డలో చుట్టి, కుంకుమ బొట్టు పెట్టి, ట్రంకు పెట్టెలో దాచింది. తాళంచెవి మొలతాడుకి కట్టుకుంది.

పద్మావతి కాఫీ గ్లాసు తెచ్చి భర్త ముందు పెట్టింది. గవర్రాజు గ్లాసు ముట్టుకోలేదు.

"అమ్మా, ఆఖరిసారి చెప్తన్నాను. ఇంకా దిగిపోద్ది. కంపెనీ పొయ్యి ఇంకా వెలగలేదంట. ఇప్పుడే అమ్మేస్తే పదమూడు వేలొస్తాయి. దువ్వాడలో రెండొందల గజాల స్థలం కొందాం. అది నిజం భూమి."

"గజాలేటి? మనవి ఎకరాలు."

"ఆ ఎకరాలు పోయాయి కదా."

"పోనాయి. అందుకే ఇవి అమ్మను. పంట పోయిన ఏడు భూమి అమ్మేత్తారేటి ఎవులైనా?"

"ఇది భూమి కాదమ్మా."

"భూమి లాంటిదే అన్నావు కాదేటి?"

"నీకు అర్థమవాలని అలా చెప్పాను."

"మరి అర్థమైనాది కదా, ఒగ్గీ." ఆమె చింతపండు గిన్నె తీసుకుని లేచింది. "ఒకసారి ఏలు ఏసినాను, తోట పోనాది. అమ్మే కాయితం మీద మరి నా ఏలు పడదు. పదమూడు వేలు కాదు, పదమూడు లచ్చలైనా అంతే."

పద్మావతి నెమ్మదిగా అంది. "ఆవిడకి ఇష్టం లేకపోతే ఊరుకోండి. ఆవిడ సొమ్మే కదా."

"నీకు తెలీదు, నువ్వుండు" అన్నాడు గవర్రాజు. కాఫీ చల్లారిపోయింది.

*

పోర్టు కేంటీన్లో వీర్రాజు టీ చప్పరిస్తూ గవర్రాజు గోడు విన్నాడు. విశాఖపట్నంలో చిన్న చిన్నవాళ్ళ షేర్లు కొనిపించి, అమ్మించి కమిషన్ తీసుకునేవాడు అతను.

"ఏటి బావా, బి.కాం. చదివి అమ్మ ఏలు కాడ ఆగిపోనావా?"

"వెయ్యనంటే ఏం చెయ్యను?"

"కాయితం పట్రా. ముసలమ్మ ఏలు అని రాసుంటాది. ఏ ఏలైతే ఏటి? ఇంట్లో ఒక ఆడమనిషి ఏలు సాలు. సాక్షి సంతకం పెట్టే నోటరీ నాకున్నాడు. ఆడు మొకం సూడడు, ముద్ర సూడడు, తనకొచ్చింది సూసుకుంతాడు."

"తప్పు కదా."

"మీ అమ్మ డబ్బు మీ అమ్మకే మిగులుద్ది. అందులో తప్పేటుంది? షేరు పది రూపాయలకి దిగినాక ఎల్లి ఆవిడ కాళ్ళు పట్టుకో, అప్పుడు ఒప్పవుద్ది."

గవర్రాజు ఆ మాట రెండు రోజులు మోశాడు. మూడో రోజు ధర ముప్పయి ఒకటి.

ఆ ఆదివారమే సన్యాసమ్మ ఎలమంచిలిలో ఉన్న కూతురు కాంతం దగ్గరికి బయలుదేరింది. పనిలో పని, కంపెనీ కూడా చూసి వస్తానంది. బస్సులో జనం తొక్కిసలాటకి భయపడి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి పద్మావతి చేతిలో పెట్టింది.

"ఆడికి ఇయ్యకు" అంది. "ఇయ్యవని తెలుసు, అయినా సెప్తన్నాను."

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో గవర్రాజు భార్య ఎదురుగా చెయ్యి చాచాడు. పద్మావతి చాలాసేపు ఇవ్వలేదు. అతను అరవలేదు, బతిమాలాడు. ఆమె మీదే ఒట్టు వేశాడు. చివరికి ఆమె తాళంచెవి గచ్చు మీద పెట్టింది. చేతికి మాత్రం ఇవ్వలేదు.

కాగితం బయటికి తీసి, ఆ చోట ఖాళీగా ఉండకూడదని, అదే సైజులో ఉన్న తన డిగ్రీ పట్టాని పసుపు గుడ్డలో చుట్టి పెట్టాడు గవర్రాజు. తరవాత స్టాంపు ప్యాడు తెరిచాడు.

"నాకు సంతకం వచ్చండి" అంది పద్మావతి. పద్మనాభం ఊరి హైస్కూల్లో పదో తరగతి ప్యాసైన పిల్ల ఆమె. పెళ్ళిలో రిజిస్టరు మీద సంతకం చేస్తే గవర్రాజు తన స్నేహితులకి గర్వంగా చూపించాడు.

"ఇక్కడ నీ పేరు లేదు కదా."

"అదే నేనూ అంటన్నాను."

అతను ఆమె బొటనవేలు పట్టుకుని నీలం సిరాలో అద్ది, వీర్రాజు ఇచ్చిన అమ్మకం కాగితం మీద ఒత్తాడు. ఆమె వేలు వెనక్కి తీసుకోలేదు. తల మాత్రం పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం సన్యాసమ్మ వచ్చేసరికి పద్మావతి చింతపండుతో మూడోసారి వేలు తోముకుంటోంది. గోరు కింద నీలం పోలేదు. ఆ చెయ్యి కొంగులో దాచుకుని అత్తకి మంచినీళ్ళిచ్చింది.

"సూసినానే" అంది సన్యాసమ్మ. ముఖం వెలుగుతోంది. "ఎంత గోడో. గేటు కాడ నూకాలనీసి వాచ్‌మేన్ ఉన్నాడు. నాకిందులో నాలుగొందల వాటాలున్నాయి, నాది ఏ పక్క బాబూ అని అడిగినాను. ఆడు నవ్వలేదు పాపం. ఆడి తోట కూడా అందులోనే పోనాదంట. అల్లదిగో, ఆ మూల గోడ కాడ నీదనుకో మామ్మా అన్నాడు. ఆ గోడ కాడే కూకుని అన్నం తిన్నాం, నానూ కాంతమూ."

కొంగు ముడి విప్పింది. అందులో పిడికెడు ఎర్రమట్టి.

"తాళం ఇలాగియ్యి."

పద్మావతి ఇచ్చింది. సన్యాసమ్మ పెట్టె తెరిచి, ఆ మట్టిని చిన్న పొట్లం కట్టి, పసుపు గుడ్డ పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంది. గవర్రాజు వీధి అరుగు మీదికి వెళ్ళిపోయాడు. పద్మావతి మాత్రం అక్కడే నిలబడి అంతా చూసింది.

*

షేర్లకి కంపెనీ పుస్తకంలో పేరు మారితేనే డబ్బిస్తానన్నాడు వీర్రాజు. ఏప్రిల్ పోయింది, మే పోయింది. ధర ఇరవై అయిదు, పంతొమ్మిది, పద్నాలుగు. సన్యాసమ్మ రోజూ అడుగుతూనే ఉంది. గవర్రాజు రోజూ చెబుతూనే ఉన్నాడు. అమ్మేశాను కదా అనే ధైర్యంతో మొదట్లో అతనికి ఆ అంకెలు తగ్గుతుంటే లోలోపల సంతోషంగానే ఉండేది.

జూన్ మొదటి వారంలో పోస్టుమేన్ ఎల్లాజీ రిజిస్టరు కవరు తెచ్చాడు.

"ఇది నీ పేరున ఉన్నాది మామ్మా. నువ్వే ఏలు ఎయ్యాల."

ఆమె రసీదు మీద వేలు వేసింది. "ఏటున్నాదో సూసి సెప్పు బాబూ. పంట డబ్బేటి?"

ఎల్లాజీ ఇంగ్లీషు కాగితాన్ని కిందా మీదా పడి చదివాడు. అతని ముఖం మారింది.

"షేర్లు అమ్మేత్తన్నానని నువ్వు ఏలు ఏసినావంట కదా. ఆ ఏలూ, ముందు దరకాస్తు మీద ఏసిన ఏలూ ఒకటి కావంట. ఈ నెలాఖరు లోపల మేజిస్ట్రేటు కాడికెల్లి ఆ ముద్ర నీదో కాదో సెప్పాలంట. నీది కాదంటే కేసెడతారంట."

"నాను ఏ ముద్రా ఎయ్యలేదే."

వెనక చేటలో బియ్యం చెరుగుతున్న పద్మావతి చేతులు ఆగిపోయాయి. సన్యాసమ్మ ఆ చప్పుడు ఆగడం విని వెనక్కి తిరిగింది. కోడల్ని ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది.

గవర్రాజు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే చాప మీద పసుపు గుడ్డ పరిచి ఉంది. దాని మీద అతని డిగ్రీ పట్టా, పక్కన కంపెనీ ఉత్తరం.

"ఇది సదువు" అంది తల్లి.

అతను పట్టా వైపు చూశాడు, చదవలేదు.

"నీదేనా?"

"నాదే. డిగ్రీ కాగితం."

"రెండు నెల్లు నాను బొట్టెట్టి దణ్ణమెట్టింది దీనికా?"

అతనికి సిగ్గు వేసింది. ఆ సిగ్గు కోపంగానే బయటికొచ్చింది.

"నువ్వే ఆ రోజు వేలేసుంటే పదమూడు వేలు చేతిలో ఉండేవి. ఇయ్యాల ధరెంతో తెలుసా? పదకొండు. పెట్టింది పెట్టినట్టు కూడా రాదు రేపో మాపో. ఎవరి మూలాన? నీ మొండితనం మూలాన. నేను దొంగతనం చెయ్యలేదు. నీ డబ్బు నీకే మిగల్చాలని చూశాను."

"డబ్బు ఊసు నాను ఎత్తలేదు. ఏలు ఊసెత్తినాను."

"అడిగితే వెయ్యనన్నావు కదా."

"ఎయ్యనన్నాను. అది నా మాట. ఎయ్యనన్నది ఏసినట్టు రాసినావు." ఆమె గొంతు పెరగలేదు. "సర్కారోల్లు తోట తీసుకున్నారు. అల్లప్పుడు ఎంత ఏడిసినాను, నీకు గుర్తుండదు. అయినా ఆల్లు కూడా నన్ను బల్ల కాడికి పిలిసినారు. కుర్సీ ఏసినారు. నా ఏలే అడిగినారు. నా కడుపున పుట్టినోడివి, నీకు నా ఏలు కూడా అక్కర్లేకపోనాదా?"

గవర్రాజు ఉత్తరం అందుకోబోతే ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది.

"ఎవుల ఏలు అది?"

పద్మావతి చేట కింద పెట్టి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాదే అత్తా."

సన్యాసమ్మ కోడలి చేతిని చూసింది. "నీకు సంతకం వొచ్చును కదే."

"వచ్చును."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "సంతకం వొచ్చిన పిల్లని తెచ్చుకుని ఏలిముద్ర ఎయ్యించినావు. నా కాలం ఎలాగూ అయిపోనాది. దాన్ని కూడా నా వరసలో కూకోబెట్టినావు."

అప్పుడు గవర్రాజు చాప అంచున కూలబడ్డాడు. ఆ ముద్ర తనది కాదని ఆమె చెబితే కేసవుతుందని, పోర్టు ఉద్యోగం పోతుందని, పద్మావతి కూడా కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుందని చెప్పాడు. వీర్రాజు అప్పటికే మొహం చాటేశాడు.

"నాది కాదు అనకమ్మా" అన్నాడు.

"అబద్ధం ఆడమంతావా?"

ఆమె పట్టాని మడత పడకుండా తీసి అతని ఒళ్ళో పెట్టింది. ఉత్త పసుపు గుడ్డ మడిచి పెట్టెలో దాచి, అన్నం తినకుండా పడుకుంది. మర్నాడు పేపరొచ్చినప్పుడు ఏమీ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. గవర్రాజుకి ఆ మౌనం ముందు ఏ ధరా లెక్కలోకి రాలేదు.

*

మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళడానికి నాలుగు రోజులు ముందు సన్యాసమ్మ బజారు నుంచి పచ్చి జీడిపిక్కలు తెచ్చింది. పెరట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంది. తోట ఉన్న రోజుల్లో నలభై ఏళ్ళు చేసిన పని అది. పిక్క పెంకులోంచి కారే జీడి రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కి తోలు ఊడిపోతుందని, ఆ పని చేసే ఆడవాళ్ళు ముందుగా చేతులకి బూడిద పట్టించుకుంటారు.

పద్మావతి గిన్నెలో బూడిద తెచ్చింది. "అత్తా, బూడిద రాసుకోలేదు."

"ఒద్దులే."

"చెయ్యి కాలిపోద్ది."

"ఇన్నేళ్ళు కాలలేదు కాదేటి. నువ్వు లోపలికెల్లు."

పద్మావతి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే అత్త చీల్చిన పిక్కల్ని ఒక్కొక్కటే తీసి బొటనవేలితో గట్టిగా ఒత్తుతోంది. పప్పు తీస్తోందనుకుంది. ఆ మధ్యాహ్నం జీడిపప్పు కూరే వండారు. సన్యాసమ్మ ఎడమచేత్తో తింది.

కోర్టులో మేజిస్ట్రేటు నడివయసు మనిషి. రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"సన్యాసమ్మగారూ, ఈ అమ్మకం కాగితం మీద ముద్ర మీదేనా? ఎవరికీ భయపడక్కర్లేదు. నిజం చెప్పండి."

గవర్రాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పద్మావతి తన బొటనవేలిని పిడికిట్లో బిగించింది.

"నాదే బాబూ."

"పాతదానితో పోలిక లేదు."

"జీడిపిక్కలు సీల్తాను బాబూ. ఏసంగి ఎల్లేసరికి నా ఏలు ఇలాగే అవుద్ది. సూడండి."

చుట్టుకున్న గుడ్డ విప్పి చెయ్యి చాపింది. బొటనవేలి మీద తోలు పూర్తిగా లేచిపోయింది. అంచులు నల్లగా, మధ్యలో ఎర్రటి పచ్చిపుండు. స్టాంపు ప్యాడుతో ముందుకొచ్చిన గుమాస్తా అక్కడే ఆగిపోయాడు.

"వద్దు, సిరా పెట్టకండి" అన్నాడు మేజిస్ట్రేటు. కాసేపు ఆమె వైపు, తరవాత కొడుకు వైపు చూశాడు. "సరేనమ్మా. అమ్మకానికి ఇప్పుడు కూడా ఒప్పుకుంటున్నారా?"

"లేదు బాబూ. అప్పుడేదో అనుకున్నాను. ఇప్పుడు అమ్మను."

ఆయన రాసుకున్నాడు. అమ్మకం కాగితం రద్దయింది. కంపెనీ అక్కడికి పంపిన షేర్ల కాగితం ఆమెకే తిరిగిచ్చారు. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

బస్ స్టాపు దగ్గర పద్మావతి భర్త పక్కన నిలబడి, అత్తకి వినబడకుండా చెప్పింది. "బూడిద వద్దన్నారండి. నేను తెచ్చిచ్చినా వద్దన్నారు."

అతనికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. నలభై ఏళ్ళ పనిలో తల్లి చేతికి ఒక్క బొబ్బ లేచినట్టు అతనికి జ్ఞాపకం లేదు. చిన్నప్పుడు తన చేతులకి కూడా బూడిద రాసి, మోచేతుల దాకా సరిచూసి గాని పిక్క ముట్టుకోనిచ్చేది కాదు. గవర్రాజు జనం మధ్యలోనే నిలబడి ఏడ్చాడు. తల్లి కాళ్ళ వైపు వంగబోయాడు.

"బస్సొచ్చినాది, ఎక్కు" అంది సన్యాసమ్మ. "నలుగురూ సూత్తన్నారు."

బస్సులో ఆమె కిటికీ వైపు చూస్తూ అంది. "నాను కోర్టులో అబద్ధమాడినాను. ఈ వయసులో. అది మరిసిపో అని నాకు సెప్పకు. నాను మరవను."

"చెప్పనమ్మా."

ఇంటికి రాగానే కాగితాన్ని పసుపు గుడ్డలో చుట్టి ఎర్రమట్టి పొట్లం పక్కన పెట్టింది. పెట్టె తాళం వేసి, తాళంచెవి పద్మావతి చేతిలో పెట్టింది. పద్మావతి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకొద్దత్తా. ఒకసారి తప్పు చేశాను."

"ఆడి సేతికి ఇయ్యలేదు, గచ్చు మీదెట్టినానని ఆ రేతిరి నువ్వే సెప్పినావు కదా. ఈసారి గచ్చు మీద కూడా ఎట్టకు. నాను పోయినాక ఆ కాయితం మీద పేరు మార్చవలిసొస్తే సంతకం నువ్వు సెయ్యి. సంతకమే సెయ్యి."

మర్నాడు ఆరున్నరకి పేపరొచ్చింది. గవర్రాజు పేజీ తెరిచి కూర్చున్నాడు. గుమ్మంలో తల్లి ఎడమచేత్తో చింతపండు పిక్కలు తీస్తోంది. ఎంతసేపు చూసినా ఆమె ఏమీ అడగలేదు.

"ఎనిమిది ముప్పావు" అన్నాడు చివరికి, తనంత తనే.

ఆమె తలెత్తలేదు. గిన్నెలో పిక్కలు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. అతను మళ్ళీ అనబోయాడు.

"ఆ పేపరు పక్కనెట్టు" అంది సన్యాసమ్మ. కుడిచెయ్యి అతని వైపు చాపింది. "ఈ ఏలికి కాసింత ఎన్న రాయి."

గవర్రాజు వెన్నగిన్నె తెచ్చుకుని ఆమె ముందు కూర్చున్నాడు. ఆ వేలిని అరచేతిలో పెట్టుకుని చూశాడు. దాని మీద ఒక్క గీత కూడా మిగల్లేదు.

"నొప్పా అమ్మా?"

"రాయి ముందు" అంది.